మళ్లీ మళ్లీ వచ్చే నడుము నొప్పి – మనమందరం నేర్చుకోవలసిన పాఠం

నడుము నొప్పి ఎరగని ఇల్లు మన వీధుల్లో వెతికినా దొరకదు. కుట్టు మిషను మీద బతికే చెల్లెమ్మకు, గోడౌన్‌లో బస్తాలు మోసే హమాలీకి, ఆటో నడిపే అన్నకు, గల్లా పెట్టె ముందు పొద్దంతా కూర్చునే షాపు యజమానికి, నల్లబల్ల ముందు గంటల తరబడి నిలబడే మా ఉపాధ్యాయులకు, అందరికీ ఇది తెలిసిన బాధే. వస్తుంది, నాలుగు రోజులు ఉంటుంది, తగ్గుతుంది. హమ్మయ్య అనుకునేలోపు మళ్లీ తిరగబెడుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో ప్రపంచంలో 61 కోట్ల 90 లక్షల మంది నడుము నొప్పితో బాధపడ్డారు. 2050 నాటికి ఈ సంఖ్య 84 కోట్ల 30 లక్షలకు చేరుతుందని అంచనా. మనిషిని పనికి దూరం చేసే కారణాల్లో ప్రపంచం మొత్తం మీద మొదటి స్థానం దీనిదే.

నెల జీతం ఉన్నవారికి నడుము పట్టేస్తే రెండు రోజులు సెలవు దొరుకుతుంది. రోజు కూలీకి అలా కాదు. వారం మంచం మీద ఉంటే ఆ వారం కూలి పోతుంది. తర్వాత స్కానింగుకు అప్పు, ఇంజెక్షన్లకు అప్పు. ఆ పైన పిల్లల ఫీజు ఆగిపోతుంది. బడి మానేసిన పిల్లల గురించి ఆరా తీస్తే నాన్న నడుము పడిపోయిందనే మాట మేము ఎన్నోసార్లు విన్నాం. అందుకే ఈ విషయాన్ని పాఠంగా రాయాలనుకున్నాం.

మేము వైద్యులం కాదు, ఉపాధ్యాయులం. జబ్బు ఏమిటో తేల్చడం, మందు రాయడం డాక్టరు పని. ఆ శాస్త్రం ఇప్పటిదాకా తేల్చిన సంగతులను విడమరచి చెప్పడం వరకే మా పని.

1. ముందు వెన్నును తెలుసుకుందాం

మన వెన్నెముకలో 33 పూసలు ఉంటాయి. మెడలో 7, వీపులో 12, నడుములో 5. వాటి కింద 5 పూసలు పెద్దయ్యేసరికి కలిసిపోయి ఒకే ఎముకగా మారతాయి. చిట్టచివర తోక ఎముకలో సాధారణంగా 4 చిన్న పూసలు అతుక్కుని ఉంటాయి. కదిలే పూసల మధ్య మెత్తని దిండ్లలాంటి డిస్కులు 23 ఉంటాయి. వాటి వెనక నుంచి నరాలు కాళ్లలోకి దిగుతాయి. చుట్టూ కండరాలు, కట్టుతాళ్లలాంటి స్నాయువులు పట్టి ఉంచుతాయి.

పై శరీరం బరువంతా చివరికి నడుములోని అడుగు పూసల మీదికి దిగుతుంది. అందుకే ఎక్కువమంది నొప్పి అక్కడే అంటారు. నరం నొక్కుకున్నప్పుడు నొప్పి పిరుదు మీదుగా తొడ, పిక్క, పాదం దాకా జారుతుంది. దాన్నే సయాటికా అంటాం.

నడుము నొప్పి ఉన్న ప్రతి 100 మందిలో సుమారు 90 మందికి ‘ఇదిగో, ఈ ఎముక వల్ల, ఈ నరం వల్ల’ అని ఏ ఒక్క భాగాన్నీ వేలుపెట్టి చూపించలేరు. అంటే నొప్పి అబద్ధమని కాదు. కండరం, కీలు, డిస్కు, స్నాయువు, అలసట, నిద్రలేమి, దిగులు కలిసి తెచ్చే నొప్పి అది. ఈ రకం నొప్పిలో ప్రమాదం తక్కువ. విసుగు మాత్రం ఎక్కువ.

2. తగ్గినది మళ్లీ ఎందుకు వస్తుంది?

ఒకసారి నడుము నొప్పి వచ్చినవారికి మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువని పరిశీలనలన్నీ చెబుతున్నాయి. కారణాలు మన జీవితంలోనే కనిపిస్తాయి.

మొదటిది, నొప్పి తగ్గగానే అంతా మరిచిపోతాం. అదే మిషను, అదే పీట, అదే బస్తా.

రెండోది భయం. వంగితే ఏమవుతుందో, నడిస్తే ఏమవుతుందో అని కదలడం మానేస్తాం. కదలని కండరం బలహీనపడుతుంది. బలహీనపడిన కండరం చిన్న పనికే పట్టేస్తుంది. మళ్లీ నొప్పి, మళ్లీ భయం.

మూడోది మనసు, నిద్ర. ఇంట్లో అప్పుల గొడవ ఉన్న నెలలో, పెళ్లి పనుల్లో నిద్ర లేని వారంలో నొప్పి తిరగబెట్టడం మనకు అనుభవమే. పొగ తాగేవారిలోనూ, బరువు పెరిగినవారిలోనూ ఇది ఎక్కువ.

నాలుగోది శరీరంలోని హెచ్చరిక వ్యవస్థ. దొంగ ముట్టుకుంటే మోగాలని మోటారు సైకిలుకు అలారం పెట్టిస్తాం. కొన్నాళ్లకు అది పిల్లి దూకినా మోగుతుంది. నెలల తరబడి నొప్పి ఉన్న శరీరంలోనూ నరాలు అలాగే మారతాయి. చిన్న కదలికకే పెద్ద నొప్పి వస్తుంది. నొప్పి ఎక్కువగా ఉందంటే లోపల అంత దెబ్బ తగిలినట్టే అనుకోనవసరం లేదు.

3. స్కానింగు కాగితం చదివి బెంబేలు పడకండి

‘డిస్కు ఉబ్బింది’, ‘డిస్కు అరిగింది’ అనే మాటలు ఎం.ఆర్.ఐ. రిపోర్టులో చూసి ఇక మా పని అయిపోయిందని ఏడ్చేవారు ఉన్నారు. ఒక లెక్క చూడండి. నడుము నొప్పి అసలే లేని 3,110 మంది స్కానింగు ఫలితాలను పోగు చేసి 2015లో ఒక అధ్యయనం ప్రచురించారు. నొప్పి లేని ఆ మనుషుల్లోనే 20 ఏళ్ల వయసువారిలో 37 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది. 50 ఏళ్లవారిలో అది 80 శాతం, 80 ఏళ్లవారిలో 96 శాతం. డిస్కు ఉబ్బు కూడా 20 ఏళ్లవారిలో 30 శాతం మందికి, 50 ఏళ్లవారిలో 60 శాతం మందికి ఉంది.

అంటే వయసుతో తల నెరిసినట్టే డిస్కులూ మారతాయి. రిపోర్టులో కనిపించిన మార్పే నొప్పికి కారణమని అనుకోలేం. మరి స్కానింగు ఎప్పుడు అవసరం? కింద చెప్పే ప్రమాద సూచనలు ఉన్నప్పుడు, కాలు బలహీనపడుతున్నప్పుడు, కాలులోకి జారే నొప్పి వారాలు గడిచినా తగ్గక ఆపరేషను ఆలోచన వచ్చినప్పుడు. వచ్చిన మొదటి వారంలోనే అందరికీ అవసరం లేదు. స్కానింగు రాస్తే ‘ఇందులో ఏం తేలితే నా వైద్యం మారుతుంది?’ అని డాక్టరును మర్యాదగా అడగండి. అది రోగికి ఉన్న హక్కు.

4. ఆలస్యం చేయకూడని సందర్భాలు

ఈ భాగాన్ని ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. కింది వాటిలో ఏది ఉన్నా ఇంటి వైద్యం, ఊరి ఇంజెక్షను పనికిరావు.

వెంటనే, అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లవలసినవి:
• మూత్రం రాక బిగబట్టడం, లేదా తెలియకుండా మూత్రం, విరేచనం పోవడం.
• సైకిలు సీటు తగిలే చోట, అంటే మలమూత్ర ద్వారాల చుట్టూ, తిమ్మిరి లేదా స్పర్శ లేకపోవడం.
• ఒక కాలు గానీ రెండు కాళ్లు గానీ బలం తగ్గిపోవడం, పాదం పైకి లేవక చెప్పు జారిపోవడం.
• ఎత్తు నుంచి పడిన తర్వాత, బండి ప్రమాదం తర్వాత వచ్చిన తీవ్రమైన నొప్పి.

కొద్ది రోజుల్లోనే డాక్టరుకు చూపించవలసినవి:
• జ్వరం, రాత్రి చెమటలు, ఆకలి తగ్గడం, కారణం లేకుండా బరువు తగ్గడం.
• పడుకున్నా, కూర్చున్నా తగ్గక రాత్రి నిద్రలేపే నొప్పి.
• ఇంతకు ముందు క్యాన్సర్ వచ్చి ఉండడం.
• వయసు పైబడిన ఆడవారికి, ఎక్కువ కాలం స్టెరాయిడ్ మందులు వాడినవారికి చిన్న కుదుపుకే వచ్చిన నొప్పి. ఎముక గుల్లబారి పూస విరిగి ఉండవచ్చు.
• 40 ఏళ్లలోపు వారికి పొద్దున్నే అరగంటకు పైగా నడుము బిగుసుకుని, కదిలేకొద్దీ సడలడం. అది కీళ్లవాతంలో ఒక రకం కావచ్చు.

జ్వరం, బరువు తగ్గడం గురించి ఒక మాట. మన దేశంలో క్షయ వెన్నెముకకూ వస్తుంది. దగ్గు లేకపోవచ్చు కాబట్టి ఎవరూ అనుమానించరు. నెలల తరబడి నొప్పి మాత్రలు మింగుతూ ఉంటే పూస కరిగి కాళ్లు పడిపోయే ప్రమాదం ఉంది. ముందుగా కనిపెడితే మందులతో నయమవుతుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో క్షయ మందులు ఉచితం. వైద్యం నడిచే కాలంలో పోషకాహారం కోసం నిక్షయ్ పోషణ్ యోజన కింద 2024 నవంబరు నుంచి నెలకు 1,000 రూపాయలు ఇస్తున్నారు.

5. నడుము పట్టేసిన మొదటి వారం

పై సూచనలు ఏవీ లేవనుకోండి. అయినా నొప్పి గట్టిగా ఉంది. ఏం చేయాలి?

‘మంచం దిగకు’ అన్నది మన పెద్దల మాట. వైద్య శాస్త్రం కూడా ఒకప్పుడు అదే చెప్పేది. 1986లో అమెరికాలో 203 మంది రోగులలో కొందరికి 2 రోజులు, కొందరికి 7 రోజులు మంచం పట్టి ఉండమని చెప్పి చూశారు. 2 రోజుల విశ్రాంతి చెప్పినవారు 45 శాతం తక్కువ రోజులు పనికి దూరమయ్యారు. నొప్పి తగ్గడంలో మాత్రం తేడా లేదు. 1995లో ఫిన్లాండులో హెల్సింకీ నగర ఉద్యోగులు 186 మందితో ఇంకో పరిశీలన జరిగింది. మంచం పట్టినవారికంటే, నొప్పి ఉండగానే ప్రత్యేక వ్యాయామాలు చేసినవారికంటే, ఓర్చుకోగలిగినంత మేరకు మామూలు పనులు చేసుకుంటూ తిరిగినవారే త్వరగా కోలుకున్నారు.

కాబట్టి నడుము పట్టేసిన రోజు ఇలా చేయండి.

పడుకోవడం: వెల్లకిలా పడుకుని మోకాళ్ల కింద రెండు దిండ్లు పెట్టుకోండి. లేదా నేల మీద పడుకుని పిక్కలు కుర్చీ మీద ఆనించండి. పక్కకు తిరిగి పడుకుంటే మోకాళ్ల మధ్య దిండు ఉంచండి. ఒకేసారి అరగంటకు మించి పగటిపూట పడుకోకండి.

లేవడం: వెల్లకిలా ఉన్నవారు అలాగే నిటారుగా లేవకూడదు. ముందు పక్కకు దొర్లి, కాళ్లు మంచం కిందికి జారవిడిచి, చేతులతో నొక్కుతూ లేవాలి.

కాపడం: వేడినీళ్ల సంచి గుడ్డలో చుట్టి 15 నుంచి 20 నిమిషాలు. చర్మం కాలేంత వేడి వద్దు. షుగరు ఉన్నవారికి స్పర్శ తక్కువగా ఉండవచ్చు, వారు మరింత జాగ్రత్తగా ఉండాలి.

నడక: మెలకువగా ఉన్న ప్రతి గంటకూ 5 నిమిషాలు ఇంట్లోనే నెమ్మదిగా నడవండి.

మరుగుదొడ్డి: నేల మీద కూర్చునే దొడ్డి అయితే గోడకు గట్టి పట్టు ఒకటి బిగించుకోండి. మలబద్ధకం ఉంటే ముక్కడం వల్ల నొప్పి ఎక్కువవుతుంది. నీళ్లు, ఆకుకూరలు, పండ్లు తీసుకోండి.

ఎక్కువమందికి కొద్ది వారాల్లో బాగా తగ్గుతుంది. పూర్తిగా తగ్గాకే పనికి వెళ్తామని కూర్చోవద్దు. సగం తగ్గగానే తేలికపాటి పనితో మొదలుపెట్టడం మంచిది.

6. మళ్లీ రాకుండా: నడకే మొదటి మందు

2024లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఒక ముఖ్యమైన ఫలితం ప్రచురించారు. నడుము నొప్పి వచ్చి తగ్గిన 701 మందిని రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు ఫిజియోథెరపిస్టు సలహాతో క్రమంగా పెంచుకునే నడక, నొప్పి గురించి అవగాహన ఇచ్చారు. రెండో జట్టుకు ఏమీ ఇవ్వలేదు. రెండో జట్టులో సగం మందికి 112 రోజుల్లోనే నొప్పి తిరగబెట్టింది. నడిచిన జట్టులో ఆ వ్యవధి 208 రోజులు. వారి లక్ష్యం ఆరు నెలల్లో వారానికి 5 రోజులు, రోజుకు 30 నిమిషాల నడకకు చేరడం. దీనికి డబ్బు అక్కర్లేదు. గట్టి చెప్పులు చాలు.

ఎప్పుడూ నడవని వారి కోసం మేము సూచించే మెట్లు ఇవి:
మొదటి రెండు వారాలు: రోజుకు 10 నిమిషాలు, వారానికి 3 రోజులు.
3, 4 వారాలు: 15 నిమిషాలు, 4 రోజులు.
5 నుంచి 8 వారాలు: 20 నిమిషాలు, 4 లేదా 5 రోజులు.
ఆ తర్వాత: 30 నిమిషాలు, 5 రోజులు.
బయటికి వెళ్లే వీలులేని ఆడవారు డాబా మీద, వరండాలో నడిచినా ఫలితం అదే.

నడకకు తోడు మూడు వ్యాయామాలు. చాప మీద, ఇంట్లోనే.

మొదటిది వంతెన. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి పాదాలు నేలకు ఆనించాలి. పిరుదులు బిగించి నడుము పైకెత్తి 5 అంకెలు లెక్కపెట్టి దించాలి. 8 సార్లు.

రెండోది పిల్లి భంగిమ. చేతులు, మోకాళ్ల మీద ఉండి వీపును మెల్లగా పైకి గూనిలా, తర్వాత కిందికి పల్లంలా చేయాలి. 8 సార్లు.

మూడోది ఎదురు చేయి, ఎదురు కాలు. అదే భంగిమలో కుడి చేయి ముందుకు, ఎడమ కాలు వెనక్కి చాచి 5 అంకెలు నిలపాలి. తర్వాత రెండో పక్క. పక్కకు 6 సార్లు. నడుము ఊగకూడదు.

వ్యాయామం వల్ల నొప్పి కొంచెం పెరిగి మర్నాటికి తగ్గిపోతే భయం లేదు, కొనసాగించండి. మర్నాడు కూడా ఎక్కువగానే ఉంటే సగానికి తగ్గించండి. కాలులోకి నొప్పి జారుతుంటే ఆపి, ఫిజియోథెరపిస్టును కలవండి. యోగాసనాలు అలవాటున్నవారు అవే చేసుకోవచ్చు. ఏది చేశామన్నదానికంటే మానకుండా చేశామా అన్నదే లెక్క.

7. బరువు ఎత్తడం: ఒక చిన్న లెక్క

బడి పిల్లలకు చెప్పే భౌతిక శాస్త్రమే ఇది. గునపంతో బండను కదిలించడం చూశాం కదా. పొడుగు ఎక్కువైతే బలం పెరుగుతుంది. మన నడుములో అది తిరగబడుతుంది.

20 లీటర్ల నీళ్ల క్యాను బరువు సుమారు 20 కిలోలు. చేతులు చాచి దాన్ని వెన్నుకు 50 సెంటీమీటర్ల దూరంలో పట్టుకున్నాం. దాన్ని మోసే వెన్ను కండరాలు పూస మధ్య నుంచి సుమారు 5 సెంటీమీటర్ల దూరంలో ఉంటాయి. 20ని 50తో గుణిస్తే 1,000. దాన్ని 5తో భాగిస్తే 200. అంటే 20 కిలోల క్యానుకు కండరాలు 200 కిలోల బలం లాగాలి. పై శరీరం బరువు ఇందులో కలపలేదు. అదే క్యానును పొట్టకు ఆనించి 25 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే 100 కిలోలు చాలు. బరువు మారలేదు, నడుముపై భారం సగమైంది.

అందుకే సూత్రం ఒక్కటే: బరువును ఒంటికి దగ్గరగా పట్టుకోండి. ఎత్తి పట్టుకుని నడుము మెలితిప్పకండి, పాదాలతో తిరగండి. నిండు గ్యాస్ సిలిండరు సుమారు 30 కిలోలు ఉంటుంది. దాన్ని ఎత్తవద్దు, అంచు మీద దొర్లించండి. సిమెంటు బస్తా 50 కిలోలు. ఇద్దరు పట్టాలి, లేదా తోపుడు బండి వాడాలి.

8. ఎవరి పనిలో ఏ మార్పు?

ఏ భంగిమా చెడ్డది కాదు. ఏ భంగిమలోనైనా గంటల తరబడి ఉండిపోవడమే చెడ్డది. అరగంటకోసారి ఒక్క నిమిషం లేచి, రెండు చేతులూ నడుము మీద పెట్టి మెల్లగా వెనక్కి వంగితే చాలు.

దర్జీలు: స్టూలు బదులు వీపు ఆనే కుర్చీ వాడండి. మిషను బల్ల మోచేతి ఎత్తులో ఉండాలి. గుడ్డ కత్తిరించడం నేల మీద కాకుండా ఎత్తు బల్ల మీద.

మగ్గం వర్కు చేసేవారు: పిరుదుల కింద గట్టి దిండు పెట్టుకోండి. ఫ్రేమును రెండు ఇటుకల ఎత్తు లేపితే మెడ, నడుము రెండూ తేలికపడతాయి.

ఆటో, లారీ డ్రైవర్లు: నడుము వంపులో చుట్టిన తువ్వాలు పెట్టండి. వెనక జేబులో పర్సు ఉంచి దాని మీద కూర్చోకండి. బండి దిగిన వెంటనే సామాను ఎత్తకుండా రెండు నిమిషాలు నడవండి.

గృహిణులు: పొడుగు కర్ర చీపురు, పొడుగు కర్ర మాపు. బట్టలు ఉతికే రాయి నడుము ఎత్తులో. కూరగాయలు తరగడం కొంత పీట మీద, కొంత నిలబడి. నిండు బిందెకు బదులు రెండు చిన్న బకెట్లు రెండు చేతుల్లో.

నాట్లు వేసే కూలీలు: నాటు వేయడం, నారు పంచడం మార్చి మార్చి చేయండి.

ఉపాధ్యాయులు: బోర్డు దగ్గర ఒక కాలు చిన్న ఎత్తుపీట మీద మార్చి మార్చి పెట్టండి. నోటు పుస్తకాలు మంచం మీద వంగి దిద్దకుండా బల్ల మీద దిద్దండి.

పరుపు మాటేమిటి? చెక్క మీద, గచ్చు మీద పడుకుంటేనే మంచిదని మనవారి నమ్మకం. 2003లో స్పెయిన్‌లో 313 మందితో చేసిన పరిశీలనలో బాగా గట్టి పరుపుకంటే మధ్యరకం గట్టిదనం ఉన్న పరుపు మీద పడుకున్నవారికే నొప్పి ఎక్కువ తగ్గింది. గుంట పడిన పాత పరుపు మార్చండి. గచ్చు మీద పడుకునేవారు దళసరి బొంత వేసుకోండి.

9. నమాజు, ఉపవాసం

నడుము నొప్పి ఉన్న పెద్దలు మమ్మల్ని ఎక్కువగా అడిగేది దీని గురించే. నిలబడలేని రోగి కూర్చుని, కూర్చోలేనివాడు పడుకుని నమాజు చేసుకునే వెసులుబాటు ఉందని అందరికీ తెలిసిందే. ఎంత నొప్పికి ఎంత వెసులుబాటు అన్నది మీ ఇమాము గారిని అడిగి తెలుసుకోండి. నొప్పి తగ్గినా భయంతో కుర్చీకే అలవాటు పడవద్దు. సజ్దా నుంచి లేచేటప్పుడు అరచేతులు నేలకు ఆనించి, ఒక మోకాలు ముందుకు తెచ్చి లేస్తే నడుము మీద కుదుపు తగ్గుతుంది. తరావీహ్‌లో ఎక్కువసేపు నిలబడేటప్పుడు బరువును రెండు పాదాల మీద సమానంగా ఉంచండి.

ఉపవాస నెలలో నొప్పి మాత్రల విషయంలో జాగ్రత్త. పరగడుపున, ఒంట్లో నీరు తక్కువగా ఉన్నప్పుడు ఆ మాత్రలు కడుపుకు, మూత్రపిండాలకు హాని చేస్తాయి. తప్పనిసరి అయితే ఇఫ్తారు భోజనం తర్వాత, నీళ్లు బాగా తాగి వేసుకోవాలి. బీపీ, షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవారు నెల మొదలవక ముందే డాక్టరును కలిసి మందుల వేళలు మార్పించుకోవాలి.

10. మందులు, బెల్టులు, ఇంజెక్షన్లు

2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలిక నడుము నొప్పి మీద మార్గదర్శకాలు విడుదల చేసింది. రోగికి అవగాహన కల్పించడం, వ్యాయామం, మర్దన వంటి కొన్ని శారీరక చికిత్సలు, మనసును కుదుటపరిచే చికిత్సలు, అవసరమైతే వాపు తగ్గించే నొప్పి మాత్రలు మేలని చెప్పింది. నడుము బెల్టులు, బరువులు కట్టి లాగే చికిత్స, మత్తు తరగతి నొప్పి మందులు మామూలుగా వాడవద్దని చెప్పింది.

డైక్లోఫెనాక్, ఏసిక్లోఫెనాక్ వంటి మాత్రలు డాక్టరు చెప్పిన కొద్ది రోజులకే. మందుల షాపులో అడిగి నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు, కిడ్నీ దెబ్బతినడం, బీపీ పెరగడం జరుగుతాయి. పేరు లేని పొట్లాల్లో ఇచ్చే పొడులు, మాత్రలు అసలే వద్దు. ఒక్క డోసుకే నొప్పి మాయమైతే అందులో స్టెరాయిడ్ కలిసి ఉండవచ్చు. ఆపరేషను కొద్దిమందికే అవసరం. నరం నొక్కుకుని కాలు బలహీనపడినవారికి అది మేలు చేస్తుంది. అలాంటప్పుడు వాయిదా వేయకూడదు.

11. సాయం చేసే చేతులకు ఒక మనవి

ఈ సంచిక చదివే మీలో చాలామంది పదిమందికి పని ఇచ్చేవారు, పదిమందికి సాయం చేసేవారు. నడుము నొప్పి విషయంలో మీ సాయం ఎటు వెళ్తే ఎక్కువ ఫలితమో ఆలోచించండి.

స్కానింగుకు డబ్బు కావాలని ఎవరైనా వస్తే, ముందు నాలుగో భాగంలోని సూచనలు అడగండి. వాటిలో ఒక్కటి ఉన్నా చర్చ లేకుండా వెంటనే ఆసుపత్రికి పంపండి. అవేవీ లేకపోతే ప్రభుత్వ ఆసుపత్రిలో ఎముకల డాక్టరుకు చూపించి ఆయన మాట ప్రకారం నడవండి. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఫిజియోథెరపీ విభాగం ఉంటుంది. అక్కడికి వెళ్లివచ్చే బస్సు ఖర్చు, ఆ రోజు కూలి ఇవ్వడం మంచి సాయం.

మీ దుకాణంలో, గోడౌన్‌లో ఒక తోపుడు బండి కొనండి. కుట్టు మిషను దానం చేసేటప్పుడు దానితోపాటు వీపు ఆనే కుర్చీ కూడా ఇవ్వండి. నడుము పట్టేసిన పనివాడికి ‘పూర్తిగా తగ్గాక రా’ అనకండి. రెండు వారాలు తేలిక పని ఇచ్చి పిలవండి. పనికి దూరమైన రోజులు పెరిగేకొద్దీ మళ్లీ పనికి రావడం కష్టమవుతుంది.

ఇంట్లోవారికి కూడా ఒక మాట. పైకి గాయం కనబడదు కాబట్టి వేషాలు వేస్తున్నావని కోడలిని, కొడుకును అనకండి. అలాగని అన్ని పనులూ లాగేసుకుని మంచం మీద కూర్చోబెట్టకండి. ‘మెల్లగా చెయ్యి, నేను తోడుంటా’ అంటే చాలు.

గుర్తుంచుకోవలసినవి

1. ఎక్కువ నడుము నొప్పులు ప్రమాదం లేనివే, కొద్ది వారాల్లో తగ్గేవే.
2. మూత్రం ఆగడం, కాలు బలహీనపడడం, మలమూత్ర ద్వారాల చుట్టూ తిమ్మిరి వస్తే అదే రోజు ఆసుపత్రికి.
3. జ్వరం, బరువు తగ్గడం ఉంటే క్షయను అనుమానించాలి.
4. మంచం పట్టవద్దు, వీలైనంత కదలండి.
5. నొప్పి లేని రోజుల్లో చేసే నడక, వ్యాయామమే రేపటి నొప్పికి అడ్డుకట్ట.
6. బరువు ఒంటికి దగ్గరగా ఉండాలి.
7. నొప్పి మాత్రలు తక్కువ రోజులు, డాక్టరు సలహాతోనే.

ఇంటి పని

పాఠం చెప్పి ఇంటి పని ఇవ్వకపోతే మాకు తోచదు. ఈ వారం మూడు పనులు చేయండి. మీ ఇంట్లో ఎక్కువసేపు వంగి చేసే పని ఏమిటో చూసి దాని ఎత్తు మార్చండి. మీ దగ్గర పనిచేసేవారిలో నడుము నొప్పి ఉన్నవారు ఎవరో అడిగి తెలుసుకోండి. రేపు పొద్దున 10 నిమిషాలు నడవండి, వీలైతే వారిలో ఒకరిని వెంటబెట్టుకుని.